అప్రెంటిస్‌కు ప్రొబేషన్: ఖరగ్‌పూర్ నుంచి చూస్తే

కొత్తగా పనిలో చేరిన మనిషి ఆ పనికి పనికొస్తాడా, ఆ పని అతనికి నచ్చుతుందా అని ఇరువైపులా తేల్చుకోవడానికి ముందుగా మాట్లాడుకున్న గడువే ప్రొబేషన్. ప్రభుత్వ ఉత్తర్వుల్లో పరిశీలన కాలం, పరీక్షా కాలం అని రాస్తారు గాని ఇళ్లలో ఆ మాటలు వినపడవు. అందరికీ అది ప్రొబేషనే. పని నేర్చుకోవడానికి చేరేవాళ్ల విషయంలో ఈ గడువు ఎలా ఉంటుంది, ఎలా ఉండాలి, చట్టం ఎంతవరకు తోడొస్తుంది అన్నది ఈ వ్యాసం విషయం. చూసే చోటు పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్, దాని అంచున ఉన్న విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్.

మథురకాటి, నింపురా, న్యూ సెటిల్‌మెంట్ వైపు తెలుగు ఇళ్లలో కుర్రాడికి పని దొరికిందంటే తాతయ్య ముందు అడిగేది "పర్మినెంటేనా?" అని. జీతం సంగతి తర్వాత. "ప్రొబేషన్‌లో ఉన్నాను తాతా" అన్నా, "అప్రెంటిస్‌ని తాతా" అన్నా ఆయనకు ఒకటే వినిపిస్తుంది: ఇంకా కాలేదు. చట్టం దృష్టిలో మాత్రం ఈ రెండు జవాబుల మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరం తెలియకపోవడం వల్లే గొడవలన్నీ వస్తాయి.

ఇద్దరు కొత్తవాళ్లు

1946 నాటి పారిశ్రామిక ఉపాధి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కింద కేంద్రం తయారుచేసిన నమూనా ఆర్డర్లలో కార్మికులను రకాలుగా విడగొట్టారు. ఖాళీగా ఉన్న శాశ్వత పోస్టులో తాత్కాలికంగా కూర్చోబెట్టగా ఇంకా మూడు నెలలు పూర్తికానివాడు ప్రొబేషనర్. శిక్షణ కాలంలో భత్యం తీసుకుంటూ పని నేర్చుకునేవాడు అప్రెంటిస్. ప్రొబేషనర్ వెనక ఒక పోస్టు ఉంది. అది ఖాళీగా ఉంది, ఎవరితోనో ఒకరితో నింపాలి. అప్రెంటిస్ వెనక పోస్టు లేదు, శిక్షణ మాత్రమే ఉంది. మూడు నెలలు సంతృప్తికరంగా పూర్తిచేస్తే ప్రొబేషనర్ పర్మినెంట్ అవుతాడు. అప్రెంటిస్ గడువు పూర్తయితే చేతికొచ్చేది సర్టిఫికెట్.

నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాక పాత స్టాండింగ్ ఆర్డర్ల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. స్టాండింగ్ ఆర్డర్లు తప్పనిసరి అయ్యే హద్దును వంద మంది కార్మికుల నుంచి మూడు వందలకు పెంచారు. 1961 నాటి అప్రెంటిస్ చట్టాన్ని మాత్రం ఏ కోడ్‌లోనూ కలపలేదు. అది వేరుగానే నడుస్తోంది.

ఆ చట్టంలో సెక్షన్ 18 చదివితే చాలు, అప్రెంటిస్ నిలబడ్డ నేల ఎలాంటిదో తెలుస్తుంది. అతను శిక్షణ పొందేవాడే గాని వర్కర్ కాడు, కార్మిక చట్టాలు అతనికి వర్తించవు అంటుంది ఆ సెక్షన్. ఫ్యాక్టరీల్లో అందరి నోటా వినిపించే 240 రోజుల లెక్క (ఏడాదిలో అన్ని రోజులు పనిచేస్తే ఊరికే తీసేయలేరన్నది) అతనికి పనిచేయదు. ఆరోగ్యం, భద్రత, పనిలో దెబ్బ తగిలితే పరిహారం వంటివి మాత్రం సెక్షన్ 14, 16 ద్వారా అతనికీ దక్కుతాయి. రోజువారీ పనిగంటలు దాటి పనిచేయించాలంటే ప్రభుత్వం నియమించే అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనుమతి కావాలి.

రైలు తెచ్చిన తెలుగు

ఖరగ్‌పూర్‌లో తెలుగు ఎందుకుందో తెలిస్తే ఇక్కడ అప్రెంటిస్ మాటకు అంత బరువు ఎందుకో అర్థమవుతుంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బి.ఎన్.ఆర్.) పందొమ్మిదో శతాబ్దం చివరి ఏళ్లలో ఇక్కడికి చేరింది. దాని వెంటే పెద్ద వర్క్‌షాప్ వచ్చింది. విజయవాడ నుంచి కటక్ దాకా వేసిన ఈస్ట్ కోస్ట్ రైల్వేలో వాల్తేరుకు పైనున్న భాగం 1902లో బి.ఎన్.ఆర్. చేతికి వచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జనానికి ఖరగ్‌పూర్ ఒక్క టికెట్ దూరమైంది. బొగ్గు ఎత్తడానికి, పట్టాలు మోయడానికి వచ్చినవాళ్ల కొడుకులు ఫిట్టర్లు, టర్నర్లు, బాయిలర్ మేకర్లు అయ్యారు. 1927లో ఇక్కడ రెండుసార్లు పని ఆగిపోయింది. అప్పుడు బి.ఎన్.ఆర్. కార్మికుల ముందు నిలబడ్డ నాయకుల్లో వి.వి. గిరి ఒకరు. తర్వాత దేశ రాష్ట్రపతి అయిన ఆయనే. ఆ ఏడాది రెండో పోరాటానికి మూలం ఉద్యోగాల కోత. పర్మినెంట్ అన్న మాట మీద ఈ ఊరికున్న మమకారం ఆనాటిది.

1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. వర్క్‌షాప్ దాని కిందికి వచ్చింది. ఇప్పటికీ అక్కడ ఏటేటా తీసుకునేవాళ్లను "యాక్ట్ అప్రెంటిస్" అంటారు. 1961 చట్టం కింద చేరినవాళ్లని అర్థం. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకుందంటే దాని వెనక ఈ ఊరి తెలుగువాళ్ల పట్టు ఉంది.

విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ రైల్వే తర్వాతి తరం. పశ్చిమ బెంగాల్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ దాన్ని అభివృద్ధి చేసింది. పేరు ఈ జిల్లాలోనే వీరసింహ గ్రామంలో 1820లో పుట్టిన ఈశ్వరచంద్ర విద్యాసాగర్‌ది. ఎక్స్‌కవేటర్లు చేసే టాటా హిటాచీ, పిగ్ ఐరన్, ఇనుప గొట్టాలు పోతపోసిన టాటా మెటాలిక్స్ వంటివి ఖరగ్‌పూర్ చుట్టుపక్కల వెలిశాక, రైల్వే షాపు గేటు ఒక్కటే గేటు అనుకునే రోజులు పోయాయి. కోల్‌కతా నుంచి చెన్నై పోయే 16వ నంబరు జాతీయ రహదారి ఇటుగానే వెళ్తుంది. అదే రోడ్డు మీద ఇచ్ఛాపురం, శ్రీకాకుళం తగులుతాయి. తాతలు రైలెక్కి వచ్చిన దారికి మనవళ్లకు బస్సు కూడా ఉంది.

ఆకురాయి దగ్గర

తొలి నెలల్లో అసలు ఏం పరీక్షిస్తారు? ఫిట్టర్ ట్రేడ్ తీసుకుందాం. ఐ.టి.ఐ. చదవని కొత్తవాడికి ముందు ప్రాథమిక శిక్షణ ఉంటుంది. అరచేతిలో పట్టేంత ఇనుప ముక్క, ఒక ఆకురాయి, ఒక మూలమట్టం ఇస్తారు. ముక్కను వైస్‌లో బిగించి ఒక ముఖాన్ని చదును చేయాలి. చెప్పుకోవడానికి ఇంతే. చేస్తే తెలుస్తుంది. ఆకురాయిని ముందుకు తోసేటప్పుడు చేతులు ఊయలలా ఊగుతాయి. ముక్క అంచులు తరిగి నడుమ ఉబ్బుతుంది. కంటికి నున్నగానే కనిపిస్తుంది. మూలమట్టం ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అంచుల కింద సన్నటి వెలుగు గీత కనపడుతుంది. ఆ గీత పోవడానికి వారం పట్టవచ్చు. ఈలోగా అరచేతుల్లో బొబ్బలు లేస్తాయి.

ఇన్‌స్ట్రక్టర్ చూసేది ఆ ముక్కను ఒక్కదాన్నే అనుకుంటే పొరపాటు. ఆకురాయిని వెర్నియర్ మీద పడేశాడా, గుడ్డ పరిచి పక్కన పెట్టాడా? పిడి ఊడిన ఆకురాయిని అలాగే వాడుతున్నాడా? ఇనుప రజను చేత్తో తుడుస్తున్నాడా, బ్రష్‌తోనా? మందం ఒక అర మిల్లీమీటరు ఎక్కువ తరిగిపోతే చెప్పి ఇంకో ముక్క అడిగాడా, కొలత రాసే చోట అంకె దిద్దాడా? చేతిపని ఎలాగూ నెలలో రాదు, కాబట్టి తొలి నెలలో చేతిపనిని తూచడం దండగ. తెలుసుకోవాల్సింది నేర్చుకునే తీరు. దిద్దిన అంకె ఒకటి దొరికితే మంచి మేస్త్రీ దాన్ని వంకరగా తరిగిన పది ముక్కల కన్నా పెద్ద సంగతిగా తీసుకుంటాడు. రేపు లోడు మోసే యంత్రంలో ఆ అంకెనే నమ్మాలి కదా.

అవతలి పరీక్ష కూడా ఇక్కడే జరుగుతుంది, దాని గురించే తక్కువ మాట్లాడతారు. నేర్పడానికి ఎవరైనా ఉన్నారా? ట్రేడ్ పనే చేయిస్తున్నారా, లోడింగ్‌కు పంపుతున్నారా? నెలంతా ఒకే బోల్టు బిగించడం మీద పెట్టారా? అబ్బాయి గాని అమ్మాయి గాని మొదటి నెలలో ఇవి గమనించుకుంటే, ఏడాది పాడవక ముందే బయటపడవచ్చు.

భాష సంగతి ఒకటుంది. ఖరగ్‌పూర్‌లో పుట్టిన తెలుగు కుర్రాడికి ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, షాపులో హిందీ పుట్టుకతోనే వస్తాయి. శ్రీకాకుళం జిల్లా సోంపేట నుంచి నేరుగా వచ్చినవాడికి రావు. సూపర్‌వైజరు చెప్పింది సగం అర్థమై, మిగతా సగం పక్కవాణ్ణి చూసి చేస్తాడు. కాస్త ఆలస్యమవుతుంది. నెల చివర అంచనా కాగితంలో "మందకొడి" అని పడుతుంది. అతనికి రానిది బెంగాలీ. రాసింది బుద్ధి గురించి. వేరే ప్రాంతం నుంచి వచ్చినవాడి తొలి అంచనాను కొన్ని వారాలు వెనక్కి జరపడం దయతో చేసే పని కాదు, లెక్క సరిగా రావడానికి చేసే పని.

ఒప్పందం, దాన్ని ముగించడం

చట్టం ప్రకారం అప్రెంటిస్‌షిప్ నోటిమాట మీద నడవదు. సెక్షన్ 4 కింద ఒప్పందం రాసుకోవాలి, దాన్ని నమోదు చేయించాలి. మైనరైతే సంరక్షకులు సంతకం పెట్టాలి. కనీస వయసు 14, ప్రమాదకరమైన పరిశ్రమల్లో 18. ఇప్పుడు నమోదంతా ఆన్‌లైన్ పోర్టల్ మీదే. డిప్లొమా, డిగ్రీ వాళ్ల వ్యవహారం తూర్పు రాష్ట్రాలకు కోల్‌కతాలోని ప్రాక్టికల్ ట్రైనింగ్ బోర్డు చూస్తుంది. ఆంధ్ర, తెలంగాణలకు ఆ పని చెన్నై బోర్డుది.

ఒప్పందం నడుమ తెగాలంటే దారి సెక్షన్ 7. యజమాని గాని అప్రెంటిస్ గాని సలహాదారుకు దరఖాస్తు పెట్టాలి, రెండో పక్షం మాట వినాలి, ఒప్పందం షరతులు నిజంగానే తప్పారని తేలితే ఆయన రద్దు చేస్తాడు. "రేపటి నుంచి రావద్దు" అన్న గేటు మాటకు ఈ సెక్షన్‌లో చోటు లేదు. తప్పు యజమానిదైతే అప్రెంటిస్‌కు చివరగా అందుకున్న స్టైపెండ్ లెక్కన మూడు నెలల మొత్తం పరిహారంగా రావాలని నియమాలు చెబుతాయి. తప్పు అప్రెంటిస్‌దైతే శిక్షణ ఖర్చు అతని నుంచో సంరక్షకుల నుంచో రాబట్టవచ్చు.

కాగితం మీద ఇది బాగుంది. వాడుకలో ట్రైనీ అన్న మాట దీన్ని దాటిపోతుంది. చట్టం కింద నమోదు కాని "ట్రైనీ"లను, "కంపెనీ ట్రైనీ"లను, "లెర్నర్"లను తీసుకునే సంస్థలు దేశమంతా ఉన్నాయి. వాళ్ల చేతిలో ఉన్నది కంపెనీ ఇచ్చిన లేఖ. అందులో ఆరు నెలల ప్రొబేషన్ అని ఉంటుంది, దేనికి ప్రొబేషన్ అన్నది ఉండదు. ఏ పోస్టుకు? ఏం నేర్పుతారు? ఎవరు చూస్తారు? ఏ రోజుకు చెబుతారు? ఈ నాలుగూ లేని ప్రొబేషన్‌కు తెలుగులో ఒక పాత మాట ఉంది: ఉమేదువారీ. కంపెనీ దొరల కాలం నుంచి కచ్చేరీల్లో కొలువు దొరుకుతుందన్న ఆశ మీద జీతం లేకుండా రాతకోతలు చేసేవాణ్ణి ఉమేదువారు అనేవాళ్లు. ఉమేదు అంటే ఆశ. మాట పోయింది, మనిషి పోలేదు.

2019 నియమాలు డబ్బు సంగతి కొంత తేల్చాయి. అయిదు నుంచి తొమ్మిదో తరగతి దాకా చదివినవాళ్లకు నెలకు కనీసం 5,000, పదో తరగతికి 6,000, ఇంటర్‌కు, ఐ.టి.ఐ.కి 7,000, డిప్లొమాకు 8,000, డిగ్రీకి 9,000 రూపాయలు. ముప్పై మంది గాని అంతకు మించి గాని ఉన్న సంస్థ తన బలగంలో రెండున్నర నుంచి పదిహేను శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలి. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో పాతిక శాతం, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్రం భరిస్తుంది. ఇంత చవగ్గా చేతులు దొరుకుతున్నప్పుడు శిక్షణ పేరుతో ఉత్పత్తి చేయించాలన్న ఆశ పుట్టకుండా ఉండదు. పదిహేను శాతం గీత గీసింది అందుకే అనుకోవాలి.

కోర్టులు ఏమన్నాయి

ప్రొబేషనర్ల మీద సుప్రీంకోర్టు తీర్పులు కుప్పలుగా ఉన్నాయి. 1957 నాటి పురుషోత్తంలాల్ ధింగ్రా కేసు, 1974లో ఏడుగురు జడ్జీలు విన్న శంషేర్ సింగ్ కేసు వాటికి పునాది. వాటి సారం: పనికిరాడని తేలితే ప్రొబేషనర్‌ను మామూలుగా పంపేయవచ్చు. తప్పు చేశాడని ముద్ర వేసి పంపాలంటే విచారణ జరపాలి. ఈ గీత ఎక్కడ పడుతుందో విడమరిచి చెప్పిన తీర్పు ఒకటి ఖరగ్‌పూర్‌కు దగ్గరలోని సంస్థ నుంచే వచ్చింది. కోల్‌కతాలోని సత్యేంద్రనాథ్ బోస్ పరిశోధన కేంద్రం మీద దీప్తి ప్రకాశ్ బెనర్జీ వేసిన కేసు, 1999. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి ఎదిగి వచ్చిన జస్టిస్ ఎం. జగన్నాథరావు రాసిన తీర్పు అది. ఆరోపణ తీసివేతకు పునాది అయితే అది శిక్ష. వెనక ఉన్న ఉద్దేశం మాత్రమే అయితే శిక్ష కాదు. తీసివేత లేఖలో చెడ్డమాట లేకపోయినా, ఆ లేఖ ప్రస్తావించిన పాత కాగితాల్లో ఉంటే అదీ ముద్రే. రేపు ఇంకో యజమాని ఆ కాగితం అడిగితే కుర్రాడి గతేమిటి అన్నది ఇందులోని ఆలోచన.

1968 నాటి ధరమ్‌సింగ్ కేసు మరో చిక్కుముడి విప్పింది. ప్రొబేషన్‌కు ఇంతకు మించి పొడిగించరాదని నియమాల్లో పై హద్దు ఉండి, అది దాటాక కూడా పనిలో కొనసాగిస్తే ఖాయం చేసినట్టే. హద్దు రాసి లేకపోతే ఈ ఊరట లేదు. అప్రెంటిస్‌ల సంగతికొస్తే, 1995లో ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ కేసులో కోర్టు మధ్యే మార్గం పట్టింది. శిక్షణ పూర్తయినవాడికి ఉద్యోగం హక్కు కాదు. మిగతావన్నీ సమానంగా ఉంటే బయటివాడి కన్నా అతనికి ముందు చోటివ్వాలి. 2014 సవరణ తర్వాత సెక్షన్ 22 ప్రకారం, శిక్షణ పూర్తిచేసిన అప్రెంటిస్‌లను ఉద్యోగంలోకి తీసుకునే విషయంలో ప్రతి యజమాని తనకంటూ ఒక విధానం రాసుకోవాలి. చేరేముందు ఆ విధానం ఏమిటని అడిగేవాళ్లు తక్కువ.

బయటి దేశాల్లో

ఇంగ్లండులో 1563 చట్టం ఏడేళ్ల శిష్యరికాన్ని కట్టుబాటు చేసింది. మన దేశంలో 1850లో వచ్చిన మొదటి అప్రెంటిస్ చట్టం అనాథలను, పేద పిల్లలను పనిలో పెట్టడానికి ఉద్దేశించింది. అందులోనూ ఏడేళ్లే పై హద్దు. ఇప్పటి యూరప్‌లో తొలి గడువును చట్టమే బిగించి పెట్టింది. జర్మనీలో అప్రెంటిస్ ప్రొబేషన్ నెలకు తగ్గకూడదు, నాలుగు నెలలకు మించకూడదు. ఆ గడువులో ఎవరైనా, ఎప్పుడైనా, నోటీసు లేకుండా తప్పుకోవచ్చు. తర్వాత యజమాని ఊరికే పంపలేడు. స్విట్జర్లాండులో ఒకటి నుంచి మూడు నెలలు, స్థానిక ప్రభుత్వం ఒప్పుకుంటే ఆరు. ఫ్రాన్సులో సంస్థలో గడిపిన మొదటి 45 రోజులు. గమనించాల్సింది కనీస హద్దు. నెల కన్నా తక్కువ ప్రొబేషన్ పెట్టుకోవడానికి జర్మను చట్టం ఒప్పుకోదు.

పొడిగింపు అనే జబ్బు

మన వైపు జబ్బు తీరు వేరు. మొదలు బాగుంటుంది, చివరే కనిపించదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో చేరిన గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగులు రెండేళ్ల ప్రొబేషన్ మీద నెలకు 15,000 రూపాయలకు పనిచేశారు. రెండేళ్లు నిండినా ఖరారు కాలేదని 2022 జనవరిలో రోడ్డెక్కారు. శాఖాపరమైన పరీక్ష పాసైనవాళ్లకు ఆ ఏడాది జూలై నుంచి కొత్త స్కేలు వచ్చింది. తెలంగాణలో 2019లో చేరిన జూనియర్ పంచాయతీ కార్యదర్శులకు మూడేళ్ల ప్రొబేషన్ పెట్టి, తర్వాత ఇంకో ఏడాది పొడిగించారు. 2023 ఏప్రిల్ ఆఖరున వాళ్లు సమ్మెకు దిగారు. ఇవి అప్రెంటిస్‌ల కథలు కావు గాని, "ప్రొబేషన్ డిక్లేర్ అయిందా?" అన్న ప్రశ్నను తెలుగు ఇళ్లలో నిత్యం వినపడే మాటగా చేసింది ఇవే. నాలుగేళ్లు చూసినా తేలనిది అయిదో ఏట తేలుతుందా? నిజానికి అప్పటికి పరీక్షలో ఉన్నది మనిషి కాదు, ఖజానా.

రైల్వేలోనూ ఇలాంటి ముడి ఒకటి పడింది. శిక్షణ పూర్తిచేసిన యాక్ట్ అప్రెంటిస్‌లు ఏళ్ల తరబడి ఉద్యోగాల కోసం ఆందోళన చేశారు. 2018 మార్చి 20న ముంబయిలో మాటుంగా, దాదర్ మధ్య పట్టాల మీద కూర్చుని లోకల్ రైళ్లు ఆపేశారు. రైల్వేలో అట్టడుగు స్థాయి అయిన లెవల్ 1 ఖాళీల్లో వాళ్లకు ఇరవై శాతం కేటాయించడం అప్పటికే మొదలైంది. దాన్ని ఇంకా పెంచాలన్నది వాళ్ల అడుగు. ఆ ఇరవై శాతంలో చోటు దక్కాలన్నా పోటీ పరీక్ష రాయాలి. నెగ్గి ఖరగ్‌పూర్ షాపులో చేరిన కుర్రాడు, ఏడాది ఆకురాయి పట్టిన అదే బెంచీ ముందు, ఈసారి ప్రొబేషనర్‌గా నిలబడతాడు. తాతయ్య మళ్లీ అదే అడుగుతాడు.